పొడి జెర్సీ

ఆట ముగిసిన పావుగంటకి
నీలం బుట్ట నా గుమ్మంలోకి దొర్లుకుంటూ వస్తుంది.
పనెవెజిస్‌లో, పాత హాలు అడుగున,
బాయిలరు పక్క గదిలో
పంతొమ్మిదేళ్లుగా ఇదే నా పని.
స్కోరు నాకెవరూ చెప్పక్కర్లేదు.
తడి చెబుతుంది.

ఏడో నంబరు ఔడ్రియస్‌ది, పిండితే చారెడు నీళ్లు.
ఇరవై మూడు, డకార్ నుంచొచ్చిన ఉసేనుది,
మెడ చుట్టూ తెల్లగా ఉప్పు చార.
అన్నిటికన్నా అడుగున, మడత చెదరకుండా
పద్నాలుగు.
వైదోతాస్‌ది.
పొద్దున నేను తీసిన ఇస్త్రీ గీత
నన్నే చూస్తుంటుంది.

దానికీ అదే సబ్బు, అవే నలభై డిగ్రీలు.
కొత్తగా చేరిన గింతారె అంది:
పొడిగానే ఉందిగా, మడిచి పెట్టేస్తే పోలా?
పోదు, అన్నాను.
రెండు గంటలు మోకాళ్లు ఊపుతూ
ఒక మనిషి కూర్చున్న గుడ్డ అది.
వాసన చూడు,
ఎదురుచూపుకీ చెమట ఉంటుంది,
కాస్త పుల్లగా.

రెండేళ్ల కిందట మా దగ్గర డబ్బుల్లేవు.
అయిదుగురే ఆడారు, మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు.
నవంబరులో అందరినీ ఓడించాం.
పేపర్లో ఆ అయిదుగురి ఫొటోలు,
బుట్టలో అయిదు బరువులు,
మిగతావి ఊదితే ఎగిరేలా.
ఇది నిలవదు, అన్నాను మా ఆయనతో.
కట్టెల పేర్పు నవంబరులో ఏ గోడకి లేదు?
మార్చి నెలాఖరున ఎవరి పొగగొట్టం పొగ కక్కుతుందో
అప్పుడు చెప్పు, ఎవరు సంసారులో.

మార్చి వచ్చింది.
పిక్కలు పట్టేశాయి, తర్వాత మడమలు.
తలుపు సందులోంచి చూశాను:
షాట్లన్నీ రింగు ముందంచుకి తగిలి
తలదించుకుని వెనక్కొస్తున్నాయి.
చేతుల తప్పని జనం తిట్టారు.
షాటు పుట్టేది కాళ్లలో.
అది ఉతికేదానికి తెలుసు.

రెమిగియస్ వచ్చాక పద్ధతి మారింది.
రెండో క్వార్టరు మొదట్లోనే
అయిదుగురినీ లేపి బెంచీ మీద కూర్చోబెడతాడు.
ఇరవై పాయింట్ల ఆధిక్యం తొమ్మిదికి జారుతుంది,
హాలంతా ఈలలు.
ఆయన చెవి గోక్కుంటాడు.
నా బుట్టలో తడిసినవి
ఏడు, ఎనిమిది, ఒక్కోరోజు తొమ్మిది.

మే నెల. సెమీఫైనల్.
ఔడ్రియస్ చీలమండ మడతపడింది,
ఉసేనుకి అయిదో ఫౌలు, ఇంకొకడికి జ్వరం.
నాలుగు వేల గొంతులు ఒక్కసారే ఆగడం
డ్రైయరు మోతలోంచి కూడా వినబడింది నాకు.
చేతులు తుడుచుకోకుండానే పరిగెత్తాను.

పద్నాలుగు లేచాడు.
పై చొక్కా గుండీలు ఊడిరావు, వేళ్లు వణుకుతున్నాయి.
పక్కవాడు పట్టి ఒక్క గుంజు గుంజాడు.

పదకొండు నిమిషాలు.
రెండే పాయింట్లు, రెండూ ఫ్రీ త్రోలు,
రెండోది రింగు మీద కాసేపు ఆలోచించి మరీ పడింది.
తనకన్నా జానెడు ఎత్తయిన వాణ్ణి
నడుముతో నెట్టి గీత బయటే నిలిపాడు.
బంతి తనకి దొరకలేదు,
వాడికీ దొరకనివ్వలేదు.
దూసుకొచ్చినవాడికి ఛాతీ ఒప్పజెప్పి
వెల్లకిలా పడి, నవ్వుతూ లేచాడు.
గెలిచాం.
మర్నాడు పేపర్లో అతని పేరు అచ్చుతప్పు.

ఆ రాత్రి బుట్ట ఎత్తలేకపోయాను.
లెక్కపెడితే పదకొండు తడివి.
పద్నాలుగుని విడిగా తీసి పిండాను,
గచ్చు మీద నీళ్లు పడ్డాయి.
గింతారె ఏమీ అనలేదు.

ఫైనల్ సంగతి అడుగుతారు.
ఆఖరి ఆటదాకా లాగి ఓడిపోయాం.
కానీ చివరి నిమిషంలో మావాళ్ల బంతులు
రింగు వెనకంచుకి తగిలాయి.
కాళ్లలో ఇంకా మిగిలే ఉంది.

అక్టోబరు, మొదటి ఆట.
పద్నాలుగు మళ్లీ పొడిగా వచ్చింది.
నేను మూత తెరిచేసరికి
గింతారె అప్పటికే
సబ్బు కొలిచి పట్టుకుంది.